చెవి మేస్త్రీ కిటికీ

కెమెరా బాగుచేసేవాళ్లు ఎవరైనా ముందు దాన్ని కళ్లతో చూస్తారు. ఈయన మాత్రం చెవికి ఆనించుకునేవాడు. లివరు లాగి, బొత్తాం నొక్కి, కళ్లు రెండూ మూసుకుని, లోపలి తెర తెరుచుకుని మూసుకునే ఆ చిన్న చప్పుడుని పాట విన్నంత శ్రద్ధగా వినేవాడు. మళ్లీ లాగి మళ్లీ వినేవాడు. ఆ తర్వాత నింపాదిగా, సెకను పాటు తెరుచుకోవాల్సింది సెకనున్నర ఉంటోందనీ, లోపల నూనె గడ్డకట్టి దానికి బద్ధకం పట్టుకుందనీ, వారం ఆగి రమ్మనీ చెప్పేవాడు. వచ్చినవాళ్లు డాక్టరు మాట విన్నట్టు తలూపి వెళ్లిపోయేవాళ్లు. అందుకే వీధిలో ఆయన్ని అందరూ చెవి మేస్త్రీ అనేవాళ్లు. అసలు పేరు కట్టుకున్న భార్యకి కూడా కాస్త ఆలోచిస్తే గానీ గుర్తొచ్చేది కాదు.

ఆయన ఈ పనిలోకి వచ్చింది ఒక మిగిలిపోయిన స్క్రూ వల్ల. చిన్నప్పుడు ఇంట్లో ఎవరూ లేనప్పుడు అలారం గడియారం విప్పి, మళ్లీ బిగించి చూస్తే ఒక స్క్రూ చేతిలో మిగిలిపోయింది. కానీ అప్పటిదాకా రోజూ వెనకబడే ఆ గడియారం అప్పట్నుంచి బుద్ధిగా నడిచింది. వాళ్ల నాన్న కొట్టాలో మెచ్చుకోవాలో తేల్చుకోలేక, పెదనాన్న గడియారాల కొట్టుకి పంపేశాడు. వీడు బాగుపడినా, గడియారాలన్నీ పాడైపోయినా, ఏదైనా అక్కడే జరగనీ అన్నాడట. ఒకరోజు ఆ కొట్టుకి ఎవరో గుడ్డలో చుట్టి ఒక కెమెరా తెచ్చారు. పెదనాన్న దాన్ని తిప్పి తిప్పి చూసి, ఇదీ గడియారమే, కాకపోతే టైము చెప్పదు అని కుర్రాడి ముందుకు తోసేశాడు. అంతే. ఆ రోజునుంచి టైము చెప్పని గడియారాలే ఆయన బతుకైపోయాయి.

పళ్లచక్రాలతో నడిచే కెమెరా అంటే ఆయనకి ప్రాణం. అది మనిషిలాంటిదనేవాడు. జబ్బు చేస్తే ముందు మూలుగుతుంది, ఈడుస్తుంది, ఒంట్లో బాలేదని నాలుగు రకాలుగా చెబుతుంది. ఆకురాయి ఉంటే అరిగిన పన్ను మళ్లీ గీసి పెట్టొచ్చు. బ్యాటరీతో నడిచే కెమెరా అంటే మాత్రం ఆయన ముక్కు పైకి లేచేది. పొద్దున రాజాలా పనిచేసి, మధ్యాహ్నానికి చెప్పాపెట్టకుండా కళ్లు తేలేస్తుంది. ఎక్కడ నొప్పి అని అడిగితే నోరు విప్పదు. చచ్చిన ఇంకోదాంట్లోంచి ముక్క పీకి పెడితే తప్ప బతకదు.

ఈ చివరి మాట ఆయన కావాలనే గట్టిగా అనేవాడు. ఎందుకంటే అది వినాల్సిన మనిషి అదే గదిలో, ఎదురు మూలలో ఉండేవాడు. ఆ మనిషి ఆయన భార్యకి తమ్ముడు. వీధికంతటికీ తీగల తమ్ముడు. బ్యాటరీ కెమెరాలు, వాటి మెరుపు దీపాలు బాగుచేయడం అతని పని. అతని బల్ల కింద ఒక పెద్ద అట్టపెట్టె నిండా చచ్చిన కెమెరాలు ఉండేవి. ఏదైనా కొత్తగా జబ్బుపడి వస్తే అందులోంచి ఒకదాన్ని తీసి, పలుచటి తీగల పట్టీయో, చిన్న మోటారో ఊడదీసి అతికేవాడు. చెవి మేస్త్రీ దాన్ని శ్మశానం అనేవాడు. తమ్ముడు ఏమీ తక్కువ తినలేదు. బావ దగ్గరికొచ్చే కెమెరాలు బావ తరపు చుట్టాల్లాంటివనీ, ఏదీ చెప్పిన వేళకి రాదనీ, ఒకే చెట్టుని ఫోటో తీస్తే ఇవాళ నల్లగా, రేపు తెల్లగా చూపిస్తాయనీ అనేవాడు. తన కెమెరా అయితే వెలుగు తనే కొలుచుకుంటుంది, దూరం తనే చూసుకుంటుంది, రీలు తనే చుట్టుకుంటుంది.

"ఇంక నువ్వెందుకురా మధ్యలో?" అని బావ అడిగేవాడు.

మాటలతో సరిపోయినన్నాళ్లు ఎవరికీ బాధ లేదు. గొడవంతా కిటికీ దగ్గర వచ్చింది.

ఆ కొట్టు ఒకే గది. మామగారు పోతూ పోతూ కూతురికీ కొడుక్కీ కలిపి వదిలిన గది. ముందు తలుపు, పక్కన ఒక్కటే కిటికీ. ఆ కిటికీ కింద చెవి మేస్త్రీ బల్ల. అక్కడ పడే వెలుగు మెత్తగా, నీడ లేకుండా ఉండేది. ఆవగింజలో సగం ఉండే స్క్రూలు ఆ వెలుగులోనే కనపడతాయనీ, ఆ కిటికీ లేకపోతే తాను గుడ్డివాడితో సమానమనీ వచ్చిన ప్రతి మనిషికీ చెప్పేవాడు. తమ్ముడు వేరే వీధిలో ఉన్న తన కొట్టు ఖాళీ చేసి ఇక్కడికి వచ్చేసరికి మిగిలింది చీకటి మూల. అతనికి చీకటితో పేచీ లేదు. పేచీ పొగతో. సీసం కరిగించి తీగలు అతికినప్పుడల్లా ఘాటైన పొగ లేచి, పోవడానికి దారి లేక, గది మధ్యలో కాసేపు ఆలోచించి, సరిగ్గా అక్క మొహం మీదికి వెళ్లేది.

అక్కని వీధిలో మిల్లక్క అనేవాళ్లు. ఊరి చివర నూలుమిల్లులో పెళ్లికి ముందునుంచీ పనిచేసింది. మిల్లు మూతపడ్డాక కొట్టులోకి వచ్చి, తలుపు దగ్గర కూర్చుని, వచ్చిన కెమెరాలకి చీటీలు కట్టే పని పెట్టుకుంది. పత్తి దుమ్ముకి అలవాటుపడిన ఆమె ముక్కు కూడా ఈ పొగకి ఒప్పుకోలేదు. రోజంతా దగ్గేది. తమ్ముడు కిటికీ తనకిస్తే పొగ బయటికి పోతుందన్నాడు. మొగుడు కిటికీ పోతే తన పనే పోతుందన్నాడు. ఇద్దరూ ఆమెని అటూ ఇటూ లాగడంతో ఆమెకి విసుగొచ్చింది.

సరిగ్గా అప్పుడే మిల్లు పొగగొట్టాన్ని మందు పెట్టి పడగొడతారని తెలిసింది. ఆ వార్త విని వీధంతా అయ్యో అంది. మిల్లక్క మాత్రం చీటీ కట్టడం ఆపి, చాలాసేపు నవ్వుకుంది.

"ఇన్నేళ్లు పొద్దున్నే నన్ను లేపింది. అది పడుకుంటుంటే నేను చూడాలి. పడుకునేటప్పటి ఫోటో నాకు కావాలి," అంది. "ఆ ఫోటో ఎవరు తెస్తే కిటికీ వాళ్లది. ఇంక దీని మీద నా దగ్గర నోరెత్తకండి."

ఫోన్లతో ఫోటోలు తీసే కాలం ఇంకా రాలేదు. పొగగొట్టం పడేది ఒక్కసారే. మళ్లీ లేచి నిలబడి, సరిగ్గా రాలేదా, ఇంకోసారి పడతానుండు అనదు. చెవి మేస్త్రీకి ఆ సంగతి తలుచుకుంటే నోరెండిపోయేది. పైకి మాత్రం మీసం దువ్వుకునేవాడు. మూడు పాత కెమెరాల్లోని మంచి భాగాలు ఏరి తనే కూర్చుకున్న ఒక ఇనప కెమెరాని తీశాడు. దాంతో గోడకి మేకు కొట్టి, వెంటనే అదే మేకుని ఫోటో తీయొచ్చు. ముందు రోజంతా దాన్ని తుడిచాడు, నూనె చుక్క వేశాడు, వెనక తలుపు అంచున తారులా కరిగి అంటుకుపోయిన పాత స్పాంజిని గీకి కొత్తది అతికాడు. ఇంక చెవి దగ్గర పెట్టుకుని లాగుతూ నొక్కుతూ, అన్ని వేగాలూ వినీ వినీ, సంగీతం మేష్టారిలా తలూపాడు. మిల్లక్క కొని తెచ్చిన రెండు రీళ్లలో తన వాటా రీలుని బల్ల మీద పక్కనే పెట్టుకున్నాడు.

ఎదురు మూలలో తమ్ముడు తన దగ్గరున్న వాటిలోకెల్లా తెలివైన కెమెరాని తీశాడు. బల్ల మీద ఉండే కరెంటు పెట్టెలోంచి రెండు తీగలు దానికి తగిలించి, రీలు పెట్టి తలుపు మూశాడు. అది గుర్రుమంటూ రీలు మొత్తాన్ని డబ్బాలోంచి లాగి రెండో వైపుకి చుట్టేసుకుంది. దాని పద్ధతే అంత. ముందే మొత్తం లాగేసుకుని, తీసిన ఫోటోని తీసినట్టు వెనక్కి డబ్బాలోకి పంపుతుంది. పొరపాటున ఎవరైనా తలుపు తెరిచినా అప్పటిదాకా తీసినవి డబ్బాలో భద్రంగా ఉంటాయని తమ్ముడు అక్కకి వినపడేలా చెప్పాడు. బావ తన కెమెరాని ఇంకాస్త గట్టిగా టిక్కుమనిపించాడు.

పొగగొట్టం పడే రోజు పొద్దున్నే పోలీసులు వచ్చి మిల్లు చుట్టుపక్కల వీధులన్నిటికీ తాడు కట్టేశారు. కొట్టు కూడా ఆ తాడు లోపలే పడింది. పొగగొట్టం పడి దుమ్ము అణిగేదాకా తాడు దాటి ఒక్కరినీ లోపలికి పోనిచ్చేది లేదన్నారు. అందర్నీ బయటికి తోలేశారు. బావా బావమరుదులు తమ తమ కెమెరాలు మెడలో వేసుకుని, మిల్లక్క వెనకే తాడు అవతల ఉన్న దర్జీ ఆవిడ మేడ ఎక్కారు. అక్కడినుంచి పొగగొట్టం మొదలూ చివరా అడ్డం లేకుండా కనపడుతుంది. వీధిలో సగం మంది అప్పటికే అక్కడ చేరారు. ఇద్దరు కెమెరా మేస్త్రీలు వస్తున్నారు కదా అని ఇంకెవరూ కెమెరా తెచ్చుకోలేదు.

సైరన్ కూసింది. తమ్ముడు కెమెరా ఎత్తి బొత్తాం నొక్కాడు. అది పలకలేదు. మళ్లీ నొక్కాడు. తట్టాడు, ఊదాడు, చొక్కాకి రుద్దాడు. లోపల చిన్న ఎర్రదీపం కూడా వెలగలేదు. పక్కనే బావ కెమెరా టిక్కు, లివరు, టిక్కు, లివరు అంటూ పరుగందుకుంది. ఢామ్మని మేడ అదిరింది. పొగగొట్టం పాదాల దగ్గర దుమ్ము గుప్పున లేచింది. పావురాలన్నీ లేచిపోయాయి. చెవి మేస్త్రీ పావురాల్ని తీశాడు, దుమ్ముని తీశాడు, నోరు వెళ్లబెట్టిన మంగలిని తీశాడు. దుమ్ము పల్చబడింది. అందులోంచి పొగగొట్టం, తుమ్మి తేరుకున్న పెద్దమనిషిలా, ఎప్పటిలాగే నిటారుగా కనపడింది.

దర్జీ ఆవిడ, పాపం దానికి ఇష్టం లేదేమో అంది. మిల్లు ఇటుకలు ఆ రోజుల్లో ఎంత గట్టిగా కట్టారో మిల్లక్క కాస్త గర్వంగానే చెప్పింది. కింద పోలీసు చేతిలో బూర పట్టుకుని, సగం మందు పేలలేదనీ, మళ్లీ కన్నాలు తొలిచి, కాసేపట్లో ఇంకోసారి పేలుస్తారనీ, ఎవరూ తాడు దాటొద్దనీ అరిచాడు.

చెవి మేస్త్రీ ఇదేం పట్టించుకోలేదు. ఆయన గెలుపు మత్తులో ఉన్నాడు. బావమరిది చుట్టూ తిరుగుతూ ఫోటోలు తీస్తున్నాడు. పలకని కెమెరా పట్టుకున్న బావమరిదిని ముందునుంచి, పక్కనుంచి, వెనకనుంచి. "నవ్వరా తీగలూ. నీ దాని పెద్దకర్మకి పటం కట్టించడానికి పనికొస్తుంది," అన్నాడు. జనం కూడా నవ్వారు. తమ్ముడు చేతిలో కెమెరా వంక చూసుకుంటూ తలెత్తలేదు.

మిల్లక్క నవ్వలేదు. ఆమె చూపు మొగుడి కెమెరా మీద ఉంది. మిల్లులో ఏళ్ల తరబడి ఆమె చేసిన పని తిరిగే కండెల్ని చూడడమే. వరసలో ఏ కండె తిరగకపోయినా దారం తెగిందని అర్థం. ఆ చూపు మిల్లు మూసినా మూతపడలేదు.

"ఏవండీ, ఆ రీలులో ఎన్ని ఫోటోలు వస్తాయి?" అంది.

ముప్పై ఆరు అని ఆయన ఇంకోటి నొక్కాడు.

"మరి అంకెల ముల్లు ముప్పై ఆరు దాటి ఎప్పుడో ఆగిపోయిందిగా. మీరు ఇంకా లాగుతూనే ఉన్నారు."

ఆయన నవ్వి, తాను కూర్చిన కెమెరా కాబట్టి నాలుగు ఎక్కువే ఇస్తుందన్నాడు.

"ఇస్తుంది సరే. పైన ఎడమపక్క ఆ గుండీ ఎందుకు తిరగట్లేదు? లివరు లాగితే రీలు కదలాలి, రీలు కదిలితే అది తిరగాలి కదా. పొద్దున్నుంచి చూస్తున్నా, అది కదల్లేదు."

చెవి మేస్త్రీ చేయి లివరు మీదే ఆగిపోయింది. నెమ్మదిగా, ఎవరికీ కనపడకుండా కెమెరా వెనక తలుపు తెరిచాడు. అన్నీ తళతళా మెరుస్తున్నాయి. కొత్త స్పాంజి ముచ్చటగా ఉంది. రీలు మాత్రం లేదు.

ఆయన జీవితంలో కెమెరాని ఎప్పుడూ ఖాళీగానే నొక్కాడు. వినడానికి రీలు అక్కర్లేదు. అది పెట్టుకునేది కెమెరా సొంతదారులు, వాళ్ల ఇళ్లకి వెళ్లాక. నిన్నంతా వేగాలు విన్నాక ఇక అయిపోయిందని చేతులు దులుపుకోవడం ఆయన చేతులకి అలవాటు. ఆయన వాటా రీలు తాడు లోపల, కొట్టులో, కిటికీ కింద బల్ల మీద హాయిగా ఎండ కాగుతోంది.

తమ్ముడు మెడ చాచి లోపలికి చూశాడు. అతనికి ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది. అబ్బో, ఏం కెమెరా, అసలు రీలుతో పనే లేదు, చెవితో విని మనసులో దాచుకోవడమే అని మొదలుపెట్టాడు. పెద్దకర్మ పటాలు ఎప్పుడిస్తావు బావా అని అడిగాడు. ఈసారి జనం ఇటు తిరిగి నవ్వారు. బావకి తల కొట్టేసినట్టయింది. ఆ ఉక్రోషంలో బావమరిది చేతిలోంచి కెమెరా లాక్కుని, ఏది నీ గొప్పదానికి ఏం రోగమో చూద్దాం అని, గోరుతో అడుగున ఉన్న చిన్న మూత తీశాడు.

అది బ్యాటరీ పెట్టే చోటు. అందులో గాలి తప్ప ఏమీ లేదు.

తన బల్ల మీద తమ్ముడు ప్రతి కెమెరాని కరెంటు పెట్టెలోంచి వచ్చే తీగలతోనే నడిపిస్తాడు. బ్యాటరీలు పెట్టుకునేది కూడా సొంతదారులే, వాళ్ల ఇళ్లకి వెళ్లాక. నిన్న సాయంత్రం తీగలు పీకేసి, అంతా బాగుందని మూత బిగించి, మెడలో వేసుకున్నాడు.

చెవి మేస్త్రీ నవ్వు ఆపుకోలేక గోడకి జారబడి, దగ్గు వచ్చి, కళ్లమ్మట నీళ్లు తుడుచుకున్నాడు. అంతలో మిల్లక్క మధ్యలోకి వచ్చి నిలబడింది. నవ్వు ఆగింది.

"ఒకరిది కళ్లు లేని కెమెరా, ఒకరిది ప్రాణం లేని కెమెరా. ఇద్దరూ కలిసి నాకు ఏం తీశారు? అది రెండోసారి పడబోతోంది. మూడోసారి అడిగినా నిలబడదు. ఏం చేస్తారో మీ ఇష్టం. ఫోటో రాలేదో, కిటికీకి ఇటుకలు పెట్టి మూయిస్తా. ఇద్దరూ చీకట్లో పొగ పీల్చుకోండి."

ఆమె అన్నంత పనీ చేసే మనిషని ఇద్దరికీ తెలుసు. ఒకే మనిషికి ఒకరు తమ్ముడుగా, ఒకరు మొగుడుగా వాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. బ్యాటరీ ఎక్కడా దొరకదు, అవి అమ్మే కొట్లన్నీ తాడు లోపలే. కానీ తమ్ముడి కెమెరాలో రీలు ఉంది. బావ కెమెరాకి రీలు తప్ప ఏమీ అక్కర్లేదు. తీసి ఇందులో పెడితే సరిపోయేది, కానీ ఆ తెలివైన కెమెరా రీలు మొత్తం ముందే డబ్బాలోంచి బయటికి లాగేసుకుంది. మోటారు లేకుండా అది వెనక్కి పోదు. ఎండలో తలుపు తెరిస్తే రీలంతా మసైపోతుంది. కటిక చీకట్లో తెరిచి, చేత్తో డబ్బాలోకి చుట్టాలి. మేడ మీద పట్టపగలు కటిక చీకటి ఎక్కడ దొరుకుతుంది?

దర్జీ ఆవిడ తన దగ్గర కుడుతున్న ఒక నల్లటి ఉన్ని కోటు ఉందంది. లావుపాటి మనిషిది. ఇంకా గుండీలు పెట్టలేదు, అయినా ముందుభాగం మడతేసి, మీద దుప్పటి చుట్టొచ్చు. చేతులు పెట్టుకోవడానికి చేతులున్నాయిగా దానికి, అంది.

మెట్లగది నీడలో కోటుని బల్ల మీద పరిచి, కెమెరాని కడుపులో పెట్టి, మడిచి, దుప్పటి చుట్టారు. ఇక ఎవరు చేయి పెట్టాలన్నది తేలలేదు. తన కెమెరా తలుపు ఎలా తెరుచుకుంటుందో తనకే తెలుసని తమ్ముడు. రీలు చుట్టడం మొరటు చేతుల పని కాదని బావ. చివరికి కోటు కుడి చేతిలోంచి బావ చేయి, ఎడమ చేతిలోంచి తమ్ముడి చేయి లోపలికి వెళ్లాయి. బయట ఇద్దరూ మొహం తిప్పుకుని నిలబడ్డారు. లోపల మాత్రం చేతులు తగువు పడ్డాయి.

"అది నా బొటనవేలు బావా."

"కెమెరాలో అంత మెత్తగా ఏముందా అనుకున్నా."

తలుపు తెరుచుకున్న టిక్కు చెవి మేస్త్రీకి వినపడింది. తమ్ముడు కోటు లోపలే డబ్బాని కెమెరాలోంచి ఊడదీశాడు గానీ, రెండో వైపున్న చుట్ట బిగుసుకుని రీలుని వదల్లేదు. లాగితే చిరుగుతుందేమోనని అతను చేయి కదలకుండా బిగబట్టాడు. తర్వాత కండరం పట్టేసింది. అయ్యో అక్కా అంటూ చేయి జాగ్రత్తగా వెనక్కి తీసుకున్నాడు. ఆ కోటు చేతిలోకి వెంటనే బావ తన రెండో చేయి దూర్చాడు.

ఇక్కడినుంచి చెవి మేస్త్రీకి పట్టపగ్గాల్లేవు. కళ్లు మూసుకున్నాడు. చుట్ట అంచుని గోరుతో లేపాడు, పొర పొరగా విడదీశాడు, డబ్బా చివర ఉన్న గుబ్బని రెండు వేళ్లతో పట్టి తిప్పసాగాడు. రీలు అంగుళం అంగుళం ఇంటికి చేరింది. పోయిన పరువు ఆయన ఒంట్లోకి తిరిగొచ్చింది. మెట్లగది దగ్గర మూగిన జనానికి లోపల ఏం జరుగుతోందో వరసగా చెప్పడం మొదలుపెట్టాడు. అవసరం లేకపోయినా, ఆ కెమెరాలో ఒక స్క్రూ వదులుగా ఉందని చెప్పి, గోరుతోనే దాన్ని బిగించాడు. మంగలి నమ్మలేక, నిజంగా చూడకుండానే బిగించావా మేస్త్రీ అని అడిగాడు.

"చూడ్డమెందుకయ్యా. నా పది వేళ్లకీ పది కళ్లున్నాయి. నన్ను బావిలో దింపి పైన మూతేసినా, కెమెరా ఊడదీసి బిగించి పైకి పంపిస్తా. వెలుగు నేర్చుకునేవాడికి కావాలి, నాకెందుకు?"

జనం చప్పట్లు కొట్టారు. మిల్లక్క కూడా కొట్టింది, కాస్త ఆలస్యంగా.

కొస మాత్రం బయట మిగిలేలా చుట్టి డబ్బాని కోటులోంచి తీశాడు. దాన్ని ఇనప కెమెరాలో పెట్టి, కొసని పళ్లకి తగిలించి లివరు లాగాడు. మిల్లక్క వంగి గుండీ వంక చూసింది. అది తిరిగింది. ఊఁ అంది ఆమె. అప్పుడే సైరన్ రెండోసారి కూసింది.

ఈసారి ఇద్దరూ పోట్లాడుకోలేదు. బావ మోచేతులు ఆనించుకోవడానికి తమ్ముడు పిట్టగోడ దగ్గర వంగి వీపు ఇచ్చాడు. ఊపిరి బిగబట్టమని బావ అన్నాడు, బిగబట్టాడు. ఢామ్మంది. పొగగొట్టం ఒక్క క్షణం ఆలోచించింది. మోకాళ్లలో సత్తువ పోయినట్టు కుంగి, నడుము దగ్గర సన్నగా విరిగి, మెల్లగా పక్కకి ఒరిగింది. టిక్కు. లివరు. టిక్కు. పొగగొట్టం పడుకుంది. చాలాసేపటికి దుమ్ము మేడని కూడా చేరి అందరి తలలూ నెరిసినట్టు చేసింది. ఇంక ఊపిరి వదలనా బావా అని కిందనుంచి అడిగాడు తమ్ముడు.

ఫోటో కడిగించి, అద్దంతో పటం కట్టించి తెచ్చిన రోజు కొట్టులో ముగ్గురే ఉన్నారు. పొగగొట్టం సగం దారిలో, గాల్లో వాలి ఉంది. కింద మూల తమ్ముడి చెవి కొంచెం పడింది. మిల్లక్క దాన్ని దగ్గరగా, దూరంగా పెట్టి చూసింది. చీర కొంగుతో అద్దం తుడిచి, తను కూర్చునే చోట గోడకి తగిలించుకుంది.

అప్పుడు మళ్లీ మొదలైంది. తీసింది తన కెమెరా కాబట్టి కిటికీ తనదేనని బావ అన్నాడు. రీలు తనదనీ, రీలు లేని కెమెరా వట్టి డబ్బా అనీ తమ్ముడు అన్నాడు. కెమెరా లేని రీలు జడకి కట్టుకునే రిబ్బనని బావ. వీపు ఎవరిదని తమ్ముడు.

మిల్లక్క చేయెత్తింది.

"ఫోటో ఇద్దరూ తెచ్చారు. దానికి దీనికి చెల్లు. ఇప్పుడు కిటికీ ఎవరికి కావాలో చూడాలి. ఏవండీ, ఈ కిటికీ ఎందుకన్నారు మీరు?"

స్క్రూలు కనపడాలి కదా అని మొదలుపెట్టిన చెవి మేస్త్రీ మధ్యలోనే ఆగిపోయాడు. పప్పులో కాలేశానని ఆయనకి అప్పుడు తెలిసింది.

"బావిలో మూతేసినా పని చేస్తానన్నారు. వీధంతా విన్నారు. నేను చప్పట్లు కూడా కొట్టాను. పొగకి మాత్రం కళ్లూ లేవు, వేళ్లూ లేవు. దానికి కిటికీ కావాలి. నా దగ్గుకీ కావాలి."

కోటులో తాను చేసింది చుట్టడమే గానీ పళ్లచక్రాల పని కాదనీ, ఆ స్క్రూ నిజానికి బాగా పెద్దదనీ, ఈమధ్య వెలుగున్నా చిన్నవి రెండుగా కనపడుతున్నాయనీ చెప్పొచ్చు. అవన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. కానీ తలుపు బయటికి అప్పుడే మంగలి, మేస్త్రీ ఇంకోసారి కళ్లు మూసుకుని ఏదైనా బిగిస్తాడేమో చూద్దామని ఎవర్నో వెంటబెట్టుకొచ్చాడు. చెవి మేస్త్రీ ఆ మాటలన్నీ మింగేశాడు. బల్లకి ఒక కొస తను పట్టుకుని, రెండో కొస పట్టమని బావమరిదికి సైగ చేశాడు. ఎప్పట్నుంచో కిటికీలోంచి వచ్చే ఎండకి మెడ మాడిపోతోందని, ఇన్నాళ్లూ మొహమాటానికి చెప్పలేదని పైకి అన్నాడు.

చీకటి మూలలో ఆయన కొన్నాళ్లు నిజంగానే కళ్లు మూసుకుని పని చేశాడు. ఎవరైనా చూస్తే అదొక విద్యలా ఉండేది. ఎవరూ లేనప్పుడు నేల మీద పాకుతూ స్క్రూలు వెతుక్కునేవాడు. ఒక మధ్యాహ్నం మిల్లక్క బయటికి వెళ్లినప్పుడు, కిటికీ దగ్గర సీసం కరిగిస్తున్న బావమరిది పక్కకి వెళ్లి, గొంతు తగ్గించి, ఆ మూలన ఒక చిన్న దీపం పెట్టించగలవా, నాకోసం కాదు, వచ్చినవాళ్లు తడబడుతున్నారు అన్నాడు.

తమ్ముడు తల తిప్పలేదు. పొగ చక్కగా కిటికీలోంచి బయటికి పోతోంది.

"తీగ దీపమా బావా, బ్యాటరీ దీపమా?"

ఆయన చాలాసేపు ఆలోచించి తీగే పెట్టమన్నాడు. సాయంత్రానికి తమ్ముడు బల్బూ, తీగా, మీటా అమర్చాడు. దీపం మెడ మాత్రం ఎవర్నీ ముట్టుకోనివ్వకుండా చెవి మేస్త్రీ తనే చేశాడు. మూడు కీళ్లు, రెండు స్ప్రింగులు, ఎటు తిప్పితే అటు నిలబడే ఏర్పాటు. అది అద్భుతంగా నిలబడింది. కాకపోతే అప్పుడప్పుడు, పని మధ్యలో, దానంతట అది మెల్లగా వంగుతూ వచ్చి ఆయన నెత్తికి తగిలేది. వచ్చినవాళ్లు ఇదేంటి మేస్త్రీ అని అడిగితే, దగ్గరగా చూపించమని తనే చెప్పానని అనేవాడు.